ట్రయల్ రూమ్ లేని చోట బట్టలు కొనేదెలా?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సూపర్‌మార్కెట్లో బట్టలు కొనడం, వేసుకుని చూడటం గురించినవే ఎక్కువ. అన్నీ ఒకేచోట పెడితే మేలనిపించింది. రాసినవాళ్ళంతా పేరు వేయొద్దనే అన్నారు కాబట్టి ఎవరి పేరూ వేయలేదు.

ప్రశ్న: మేడమ్, నెల సరుకుల కోసం సూపర్‌మార్కెట్‌కి వెళ్ళినప్పుడల్లా బట్టలు పెట్టిన వరస దగ్గర ఆగిపోతాను. రంగు నచ్చితే చాలు, ట్రాలీలో వేసేస్తాను. అక్కడ ట్రయల్ రూమ్ లేదు. మొన్న ఒక టాప్ సరిపోతుందో లేదోనని నేను వేసుకున్న డ్రెస్సు మీదే తొడుక్కుని చూస్తుంటే, అక్కడ పనిచేసే అమ్మాయి వచ్చి "అలా వేసుకోకూడదండీ" అని గట్టిగా అంది. చుట్టుపక్కల వాళ్ళందరూ చూశారు, తల కొట్టేసినట్టయింది. మా ఆయన కూడా ఆ అమ్మాయి వైపే మాట్లాడారు. తీరా ఇంటికి తెచ్చాక చూస్తే మూడు టాపుల్లో ఒక్కటే సరిపోయింది. మూడింటి మీదా ఒకే సైజు రాసి ఉంది! తప్పు నాదా, కుట్టిన వాళ్ళదా?

జవాబు: ముందు మీ పరువు సంగతి తేల్చేద్దాం. సొంత బట్టల మీద ఒక కోటో స్వెట్టరో వేసుకుని చూడటంలో తప్పేమీ లేదు, వరసల మధ్య అద్దం పెట్టేదే అందుకు. టాప్ దగ్గర ఆ అమ్మాయి ఆపడానికి కారణం వేరే ఉంటుంది. తల మీదుగా లాగేటప్పుడు ముఖానికి, పెదాలకి రాసుకున్నదంతా మెడ అంచుకి అంటుకుంటుంది, ఒంటి మీద అప్పటికే ఒక డ్రెస్సు ఉంది కాబట్టి చంకల దగ్గర కుట్టు పిగులుతుంది, ఆ తర్వాత ఆ టాప్ ఎవరూ కొనరు, మాట పడేది ఆ అమ్మాయే. కాస్త మెల్లగా చెప్పి ఉండాల్సింది, అంతే. నడి వరసలో చొక్కా విప్పేసి కొత్త చొక్కా తొడుక్కుని చూసుకునే మగమహారాజులు ఉన్నారు, వాళ్ళ ముందు మీరు చేసింది ఎంత!

ఇక సైజు విషయంలో తప్పు మీది కాదు. ఎం, ఎల్ అనే అక్షరాలకి ఏ కంపెనీ అర్థం ఆ కంపెనీదే. అందరికీ కలిపి ఒకే కొలత పెట్టాలని గతంలో గట్టిగానే ప్రయత్నించారు. 1939-40లో అమెరికా వ్యవసాయ శాఖ దాదాపు 15 వేలమంది ఆడవాళ్ళకి, ఒక్కొక్కరికి 59 చొప్పున, కొలతలు తీయించింది. (వ్యవసాయ శాఖకి ఆడవాళ్ళ నడుముతో ఏం పని అంటారా? ఇంటి నిర్వహణకి సంబంధించిన విభాగం అప్పట్లో ఆ శాఖ కిందే ఉండేది.) లెక్కలోకి తీసుకున్నది తెల్లజాతి ఆడవాళ్ళ కొలతలు మాత్రమే. వాటి ఆధారంగా 1958లో ఒక సైజుల పట్టిక వచ్చింది, కంపెనీలు దాన్ని తలోవైపు లాగాయి, 1983లో ప్రభుత్వమే దాన్ని ఎత్తేసింది. ఆ తర్వాత ఎవరిష్టం వాళ్ళది. పైగా చిన్న నంబరు పట్టిందంటే కొనేవాళ్ళు మురిసిపోతారని, పెద్ద బట్టకి చిన్న నంబరు కుట్టే అలవాటు ఒకటి పెరిగింది. అందుకే ఒకచోట ఎం పట్టే మనిషి ఇంకోచోట ఎక్సెల్ వెతుక్కోవాల్సి వస్తే ఒళ్ళు పెరిగిందని బెంగపడక్కర్లేదు.

ఇంకో సంగతి కుట్టుపని తెలిసినవాళ్ళకి తప్ప పెద్దగా తెలియదు. ఫ్యాక్టరీలో షర్టులు ఒక్కొక్కటిగా కత్తిరించరు. గుడ్డని పొరల మీద పొరలుగా పరిచి, పైన నమూనా పెట్టి, కరెంటు కత్తితో అన్నిటినీ ఒకేసారి కోస్తారు. కత్తి కాస్త వాలిందంటే పై పొరకీ అడుగు పొరకీ తేడా వచ్చేస్తుంది. ఆపైన కుట్టు ఒక పిసరు లోపలికి పడిందా, అంచుకి పడిందా అన్నది మరో తేడా. ఒకే కంపెనీ, ఒకే డిజైన్, ఒకే నంబరు ఉన్న రెండు ప్యాంట్లకి నడుము దగ్గర ఒకటి రెండు సెంటీమీటర్లు అటూ ఇటూ ఉండటం మామూలే. కాబట్టి ఏది వేసుకుని చూశారో అదే కొనండి. కొంతమంది వేసుకుని చూసినది నలిగిపోయిందని పక్కన పడేసి, అదే నంబరున్న ఇంకోటి మడత విప్పకుండా తీసుకెళ్తారు. అంతసేపు లైన్లో నిలబడి చూసినదాని వల్ల ఏం లాభం?

మీరు వెళ్ళే చోట ట్రయల్ రూమే లేదంటున్నారు కాబట్టి, మీ బదులు మీ బీరువాలో బట్టలే సాక్ష్యం చెప్పాలి. మీకు చక్కగా సరిపోయే టాప్ ఒకటి, ఉతికి ఆరినది, తీసి నేల మీదో బల్ల మీదో ముడతలు లేకుండా పరచండి. ఒక చంక కింది కుట్టు నుంచి ఇంకో చంక కింది కుట్టు దాకా టేపు పెట్టండి. ఈ భుజం కుట్టు నుంచి ఆ భుజం కుట్టు దాకా ఒక కొలత, మెడ పక్క నుంచి కింది అంచు దాకా ఒకటి, చేతి పొడవు ఒకటి. ప్యాంటయితే గుండీ పెట్టి నడుము పట్టీ వెడల్పు, తొడ మొదట్లో వెడల్పు, కాలు లోపలివైపు కుట్టు పొడవు, వీటన్నిటికన్నా ముఖ్యంగా ముందువైపు నడుము పట్టీ నుంచి రెండు కాళ్ళూ కలిసే కుట్టు దాకా ఎంతుందో చూడండి. ఈ ఆఖరి కొలత దాదాపు ఎవరూ తీయరు గానీ, కూర్చున్నప్పుడు ప్యాంటు పొట్టలో కోసుకుంటోందంటే చాలాసార్లు ఇదే తక్కువైందని అర్థం. అంకెలు ఫోన్లో రాసిపెట్టుకోండి. షాపులో బట్టలు మడిచే బల్ల ఎక్కడో ఒకటి ఉంటుంది, అక్కడ ఇలాగే పరిచి కొలవండి. టేపు మర్చిపోతాననుకుంటే ఒక దారానికి ముళ్ళు వేసి బ్యాగులో పడేసుకున్నా పని జరుగుతుంది.

ఇక్కడ చాలామంది పప్పులో కాలేస్తారు: ఒంటికి టేపు చుట్టి, ఆ అంకెనే బట్టలో వెతుకుతారు. ఊపిరి తీసుకోవడానికి, చెయ్యి ఎత్తడానికి బట్టలో కొంత వదులు కలిపే కుడతారు, అది ఎంతన్నది డిజైన్‌ని బట్టి మారుతుంది. బట్టని బట్టతోనే పోల్చాలి, అదీ ఒకే రకం గుడ్డయితేనే. సాగే టీషర్టు కొలతలతో వెళ్ళి సాగని షర్టు కొంటే కథ మళ్ళీ మొదటికే వస్తుంది.

ప్యాంటు నడుము పట్టీని మెడ చుట్టూ చుట్టి కొసలు కలిస్తే సరిపోయినట్టే అని ఒక చిట్కా తిరుగుతుంటుంది. కొందరికి కుదురుతుంది కూడా. తొడలు, తుంటి ఎంతున్నాయో మెడకేం తెలుసు? నేనైతే దాన్ని నమ్ముకుని ప్యాంటు కొనను.

ప్రశ్న: అక్కా, షాపులో అద్దం ముందు నిలబడితే ప్యాంటు హీరోలా ఉంది. వేసుకుని ఆఫీసుకెళ్ళి కుర్చీలో కూర్చున్నాను, గుండీ ఎగిరి టేబుల్ కింద పడింది. ట్రయల్ రూమ్‌లో ఏం చూడాలో ఎవరూ చెప్పరెందుకు?

జవాబు: తమ్ముడూ, ట్రయల్ రూమ్‌లో అందరూ నిలబడి, పొట్ట లోపలికి లాగి, ఫొటోకి నిలబడ్డట్టు చూసుకుంటారు. రోజంతా అలా ఉంటామా? ప్యాంటు వేసుకున్నాక లోపల స్టూలు ఉంటే కూర్చోండి, లేకపోతే గొంతుకూర్చుని లేవండి. లేచాక నడుము పట్టీ వెనకవైపు ఎంత దిగిందో చెయ్యి పెట్టి చూడండి. జేబులు బయటికి నోళ్ళు తెరుచుకుని ఉన్నాయంటే తుంటి దగ్గర టైటు. తొడల మొదట్లో అడ్డంగా గీతలు పడుతుంటే గుడ్డ చాలట్లేదు, నిలువుగా మడతలు వేలాడుతుంటే ఎక్కువైంది. ఈ లెక్క షర్టుకీ పనికొస్తుంది.

షర్టయితే రెండు చేతులూ ముందుకి చాచి ఒకర్ని కౌగిలించుకున్నట్టు పెట్టండి (లోపల ఒక్కరే ఉంటారు, ఎవరూ నవ్వరు). వీపు పట్టేస్తే వద్దు. గుండీల మధ్య సందులు తెరుచుకుంటే వద్దు. భుజం కుట్టు భుజం ఎముక చివరనే ఆగాలి, కావాలని జారుగా కుట్టిన డిజైన్ అయితే తప్ప. పొడవు ఎక్కువైతే కత్తిరించి కుట్టించుకోవచ్చు, నడుము లూజైతే లోపలికి కుట్టు వేయించి తగ్గించుకోవచ్చు, భుజాలు తేడా వస్తే మాత్రం బాగుచేయడం దాదాపు కొత్తది కుట్టినంత పని. అందుకే భుజం సరిపోని దాన్ని ఎంత నచ్చినా అక్కడే వదిలేయండి.

జిప్ నాలుగైదుసార్లు కిందికీ పైకీ లాగి చూడండి, మధ్యలో ఒకచోట ఆగుతుంటే రేపు కూడా అక్కడే ఆగుతుంది. కుట్టు దగ్గర రెండు పక్కలా గుడ్డ పట్టుకుని మెల్లగా లాగండి, దారం పళ్ళలా బయటపడితే, చిన్న చిన్న కన్నాలు కనిపిస్తే అది ఎక్కువకాలం నిలవదు. టీషర్టు విషయంలో నేను తప్పకుండా చూసేది పక్క కుట్టు. హ్యాంగర్‌కి వేలాడుతున్నప్పుడు ఆ కుట్టు చంక కింద నుంచి నిటారుగా దిగాలి. అప్పుడే అది మెలితిరిగి పొట్ట వైపుకి వచ్చేస్తోందంటే, రెండు ఉతుకులయ్యాక మొత్తం టీషర్టు ఒక పక్కకి తిరిగి కూర్చుంటుంది, ఎంత ఇస్త్రీ చేసినా మాట వినదు.

సాగే జీన్స్ గురించి ఒక మాట. 1958లో డూపాంట్ కంపెనీలో జోసెఫ్ షివర్స్ అనే రసాయన శాస్త్రవేత్త ఆ సాగే దారాన్ని తయారుచేశాడు. ఒకపక్క అమెరికా సైజుల పట్టిక అచ్చేసిన ఏడాదే ఇంకోపక్క సైజు కాస్త తప్పినా సర్దుకుపోయే దారం పుట్టిందన్నమాట! ఆ దారం కలిసిన ప్యాంటు ట్రయల్ రూమ్‌లో అందరికీ బాగానే పడుతుంది, అదే దాంతో చిక్కు. వేసుకున్న కొద్దీ వదులవుతుంది కాబట్టి కొనేటప్పుడు ఇబ్బంది పెట్టనంత వరకు బిగుతుగా ఉన్నదే తీసుకోండి, మోకాళ్ళ దగ్గర వేలితో లాగి వదిలి వెంటనే వెనక్కి వెళ్తోందో లేదో చూడండి. ఆ దారం కలవని కాటన్ దీనికి పూర్తిగా వ్యతిరేకం, ఉతికాక కుంచించుకుపోతుంది. నూటికి అయిదు వంతులు తగ్గిందనుకుంటే 70 సెంటీమీటర్ల టీషర్టు పొడవులో మూడున్నర సెంటీమీటర్లు పోయినట్టే. చెయ్యి ఎత్తితే షాపులోనే బొడ్డు కనిపిస్తున్న టీషర్టు ఉతికాక ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ప్రశ్న: ఎవరెవరో వేసుకుని విప్పేసిన బట్టలు మళ్ళీ మనం వేసుకుని చూడటం అంటేనే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. చర్మరోగాలు రావా?

జవాబు: మీ భయం పూర్తిగా వట్టిది కాదు, అలాగని అంత టెన్షన్ కూడా అక్కర్లేదు. గజ్జిని తెచ్చే పురుగు మనిషి ఒంటి నుంచి బయటపడితే మామూలుగా రెండు మూడు రోజులకి మించి బతకదు, ఎక్కువగా పాకేది కూడా చర్మానికి చర్మం చాలాసేపు తగిలితేనే. ట్రయల్ రూమ్‌లో రెండు నిమిషాలు వేసుకున్న షర్టు వల్ల వచ్చే అవకాశం చాలా తక్కువ. నన్నడిగితే ఎవరో వేసుకున్నారన్నదానికంటే ఎవరూ వేసుకోని కొత్త బట్టలోనే దురద పుట్టించేవి ఎక్కువ. ముడతలు పడకుండా ఉండేందుకు పట్టించే ఫార్మాల్డిహైడ్ రెసిన్లు, పాలిస్టర్‌కి వేసే కొన్ని రంగులు కొందరి చర్మానికి పడవు, మెడ, చంకలు, తొడల దగ్గర ఎర్రగా దద్దుర్లు వస్తాయి. అందుకని కొన్నది ఏదైనా ఒకసారి ఉతికాకే వేసుకోండి. ముదురు రంగువి విడిగా ఉతకండి.

లోదుస్తులు, ఈతదుస్తులు మాత్రం మీ లోదుస్తుల మీదే వేసుకుని చూడాలి, లోపల అంటించిన పల్చటి ప్లాస్టిక్ స్టిక్కర్ పీకకూడదు. అది పీకేసి ఉన్నది కనిపిస్తే మీరూ కొనొద్దు. చర్మం మీద పుండో గీసుకున్న గాయమో ఉంటే ఆ రోజుకి ట్రయల్ మానేయండి, అది మీ మంచికీ తర్వాత వేసుకునేవాళ్ళ మంచికీ.

ప్రశ్న: ట్రయల్ రూమ్‌లో కెమెరా ఉంటుందేమోనని భయంతో మా చెల్లి అసలు లోపలికే వెళ్ళదు. అద్దానికి గోరు ఆనించి చూస్తే తెలిసిపోతుందంటారు, నిజమేనా?

జవాబు: గోరు పరీక్షని నమ్మొద్దు. మామూలు అద్దానికి పూత వెనకవైపు ఉంటుంది కాబట్టి గోరుకీ దాని నీడకీ మధ్య సందు కనిపిస్తుంది, నిజమే. ముందువైపు పూత ఉన్న అద్దాలూ ఉంటాయి, వాటిలో సందు కనపడకపోయినా వెనక ఉన్నది ఉత్త గోడే కావచ్చు. అవతలివైపు నుంచి చూడగలిగే అద్దం పనిచేయాలంటే అవతలి గది చీకటిగా, మీ గది వెలుతురుగా ఉండాలి. కాబట్టి ఫోన్ టార్చి వెలిగించి అద్దానికి ఆనించండి, రెండు చేతులూ కళ్ళ పక్కన దోసిలిలా పెట్టి అద్దంలోకి తొంగి చూడండి. వెనక ఖాళీ ఉంటే కనిపిస్తుంది.

అసలు అద్దం కంటే ముందు చూడాల్సినవి తలుపు పైన, కింద ఉన్న సందులు, సగమే మూసుకునే కర్టెన్, పక్క గదికీ దీనికీ మధ్య పైదాకా లేని చెక్క గోడ. అక్కడి నుంచి ఒక ఫోన్ పైకి లేపితే చాలు, రహస్య కెమెరాలు ఎందుకు? లైట్లు, బట్టలు తగిలించే కొక్కెం, గాలి కన్నాలు టార్చి వేసి చూడండి, కటకం ఉంటే చుక్కలా మెరుస్తుంది. ఏదైనా దొరికితే దాన్ని ముట్టుకోకుండా, పీకకుండా, అక్కడికక్కడే ఫొటో తీసి, మేనేజర్‌ని పిలిచి పోలీసులకి ఫోన్ చేయండి. "మేం చూసుకుంటాం, మీరు వెళ్ళండి" అంటే వెళ్ళకండి. చెల్లితో మీరూ వెళ్ళి తలుపు బయట నిలబడితే భయం సగం తగ్గుతుంది.

ప్రశ్న: నేను సూపర్‌మార్కెట్లో బట్టల విభాగంలోనే పనిచేస్తాను. మా గోడు ఎవరు వింటారు? ట్రయల్ రూమ్‌లో గుట్టలు గుట్టలుగా పడేసి వెళ్తారు, తడి చేతులతో తెల్ల షర్టులు పడతారు, తీసుకున్న డ్రెస్సు వద్దనిపిస్తే సబ్బుల అరలో దూర్చేసి పోతారు. ఒకావిడ పాత చెప్పులు వదిలేసి కొత్తవి వేసుకుని వెళ్ళిపోయింది!

జవాబు: మీ ఉత్తరం చదివి నవ్వొచ్చింది, తర్వాత జాలేసింది. మీరు రాసినదాన్ని పాఠకుల కోసం ఇంకాస్త విడమర్చి చెప్తాను. వద్దనుకున్న బట్ట మడత పెట్టడం రాకపోతే ఫర్వాలేదు, తిరగేసినదాన్ని సరిచేసి హ్యాంగర్‌కి తగిలించి ట్రయల్ రూమ్ బయట ఉన్న అమ్మాయి చేతికి ఇస్తే చాలు. ట్రాలీలో బట్టలు సరుకుల అడుగున వేయకుండా పైన పెట్టుకోండి. ముఖానికి పౌడరు, పెదాలకి రంగు ఉంటే తల మీదుగా లాగే ముందు పల్చటి స్కార్ఫు ముఖం మీద కప్పుకోండి. ఒకేసారి మూడో నాలుగో మించి లోపలికి పంపకపోతే సిబ్బంది మీద అరవకండి, లెక్క తప్పితే ఆ రోజు చివర జవాబు చెప్పుకోవాల్సింది వాళ్ళే. అరల్లో దూర్చేసిన బట్ట సంగతి మరీ అన్యాయం. ఆ సైజు కోసం ఇంకెవరో వెతుకుతుంటారు, కంప్యూటర్లో ఒకటి ఉందని చూపిస్తుంది, మనిషి మాత్రం అరగంట గాలించినా దొరకదు. చెప్పుల విషయంలో మాత్రం నా దగ్గర సలహా లేదు తల్లీ, ఆ పాతవి దాచిపెట్టండి, ఆవిడ వాటి కోసం రావచ్చు!

ప్రశ్న: నల్ల కోటుకి నల్ల ప్యాంటు జత చేసి కొన్నాను. బయట ఎండలో చూస్తే ఒకటి నలుపు, ఇంకోటి చాక్లెట్ రంగు. మోసమా?

జవాబు: మోసం కాదు, లైటు. రెండు రకాల రంగులద్దిన గుడ్డలు ఒక లైటు కింద ఒకేలా కనిపించి, వేరే వెలుతురులో విడిపోతాయి. జత కలపాల్సినవి కొనేటప్పుడు సిబ్బందికి చెప్పి, వాళ్ళనే వెంటబెట్టుకుని కిటికీ దగ్గరికో గుమ్మం దగ్గరికో తీసుకెళ్ళి చూడండి. చెప్పకుండా వెళ్తే గుమ్మం దగ్గర అలారం మోగి ఇంకో గొడవ. అన్నట్టు షాపుల్లో అద్దాలు కూడా పూర్తిగా నిజం చెప్పవు, పైభాగం కాస్త వెనక్కి వాల్చి పెట్టిన అద్దంలో కాళ్ళు పొడుగ్గా కనిపిస్తాయి.

ప్రశ్న: మా ఆరేళ్ళవాడు ట్రయల్ రూమ్ అనగానే నేలమీద పడి దొర్లుతాడు. వయసు చూసి కొంటే ఒక్కటీ సరిపోదు. రెండు సైజులు తీసుకెళ్ళి ఒకటి వాపసు ఇస్తే తప్పా?

జవాబు: తప్పేం లేదు, ఆ షాపు వాపసు తీసుకుంటుందో లేదో బిల్లు వేయించే ముందే అడగాలి, అంతే. డబ్బు తిరిగిస్తారా, మార్పిడి మాత్రమేనా, ఎన్ని రోజుల్లోపు, తగ్గింపులో కొన్నవాటికి వర్తిస్తుందా, ఈ నాలుగూ అడిగి తెలుసుకోండి. ఇంట్లో ట్యాగ్ తెంపకుండా, సెంటు, పౌడరు తగలకుండా, వాడు ఆటలో పడి ఉన్నప్పుడు తొడిగి చూడండి.

వయసు నంబర్లు మర్చిపోండి. ఆరేళ్ళ పిల్లలిద్దర్ని పక్కపక్కన నిలబెడితే ఒకడి భుజం దాకా ఇంకొకడు ఉంటాడు. యూరప్‌లో పిల్లల బట్టలకి 104, 110, 116 అని ఆరేసి సెంటీమీటర్ల తేడాతో ఎత్తునే సైజుగా రాస్తారు, చాలా ట్యాగుల మీద వయసు పక్కన ఆ ఎత్తు కూడా చిన్న అక్షరాల్లో ఉంటుంది, దాన్ని చూడండి. వాడి ఎత్తు గోడమీద గీత పెట్టి కొలిచి, రెండు అంకెల మధ్య ఉంటే పెద్దదే తీసుకోండి. షాపులో అయితే టీషర్టు వీపుకి ఆనించి భుజాలు చూస్తే చాలు, దానికి ట్రయల్ రూమ్ అక్కర్లేదు. ప్యాంటు మాత్రం లోపలివైపు సైజు సరిచేసుకునే ఎలాస్టిక్, గుండీలు ఉన్నది వెతకండి, నడుము అటూ ఇటూ అయినా ఏడాది గడిచిపోతుంది. తలకి పట్టే మెడ ఉందో లేదో మర్చిపోకుండా చూసుకోండి, పిల్లల టీషర్టుల్లో ఎక్కువ వాపసు గొడవ దానితోనే, భుజం మీద రెండు గుండీలు ఉన్నవైతే ఆ బాధ ఉండదు.